సౌండు తీసేసి చెప్పిన రాణి కథ

సీడీల ఖాలా పోయిందని అమ్మ ఫోను చేసినప్పుడు నేను ఖమ్మం నుంచి వైరా వెళ్ళే బస్సులో నిలబడి ఉన్నాను. వెనక సీట్లో ఎవరో ఫోనులో కామెడీ సీన్లు పెద్ద సౌండు పెట్టుకుని చూస్తున్నారు. అమ్మ మాట సగమే వినబడింది. ఎవరు, ఎవరు అని రెండుసార్లు అడిగాను. "మన ఖాలా, బిడ్డా. సీడీల ఖాలా" అంది అమ్మ. పొద్దున్నే చాయ్ పోసుకుని, గ్లాసు చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుందట. కూర్చున్నది కూర్చున్నట్టే గోడకు ఒరిగిందట. చాయ్ మాత్రం ఒలకలేదట. ఆ సంగతి అమ్మ మూడుసార్లు చెప్పింది, అది కూడా ఖాలా పనితనమే అన్నట్టు.

వైరాలో దిగి, నేను ఇంగ్లీషు చెప్పే కాలేజీలో సెలవు అడిగి, మళ్ళీ ఖమ్మం వచ్చి, అక్కడి నుంచి పాల్వంచ చేరేసరికి సాయంత్రమైంది. మగవాళ్ళు ఖబరస్తాన్ నుంచి తిరిగొచ్చేశారు. ముందు గదిలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. టీవీ మీద తెల్ల బట్ట కప్పి ఉంది. ఆ ఇంట్లో టీవీని అలా చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపు రాలేదు. ఖాలాను ఒక మాట అడగాలని తొమ్మిదేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. ఇక అడగలేను అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. ఆ మాటేమిటో మీకు చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి.

అప్పట్లో పవర్ హౌస్ క్వార్టర్లలో మా వరుసకి చివరి ఇల్లు వాళ్ళది. ఖాలా అంటే ఉర్దూలో అమ్మ అక్కచెల్లెలు; చుట్టం కాకపోయినా మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. ఖాలూ, అంటే ఖాలా భర్త, టర్బైన్ల దగ్గర పని చేసేవాడు. వారానికోసారి షిఫ్టు మారేది. ఎవరు పలకరించినా తలూపి వెళ్ళిపోయేవాడు. ఖాలా పుట్టిల్లు భద్రాచలం. అక్కడ ఆమె తమ్ముడికి గోదావరి ఒడ్డు వైపు పల్లంలో సీడీలు, డీవీడీల దుకాణం ఉండేది. ఒక ఏడు గోదావరి ఆ దుకాణంలోకి వచ్చి అరల పైదాకా నిలబడింది. నీళ్ళు తీశాక అతను ఆ వ్యాపారమే వద్దనుకుని ఫోన్ల రిపేరుకి మారిపోయాడు. బురద పట్టిన డిస్కుల్ని పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. రెండు గోనెసంచుల్లో కట్టి, బస్సెక్కించి అక్కకు పంపాడు.

ఖాలా వాటిని కుంకుడు నురగలో ఒక్కొక్కటే కడిగింది. బయట ఆరేస్తే ప్లాంటు బూడిద పడుతుందని ఇంట్లోనే పాత చీర పరిచి ఆరబెట్టింది. కిటికీలోంచి ఎండ వాటి మీద పడితే గది కప్పు నిండా రంగుల గుండ్రాలు కదిలేవి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా తల పైకెత్తి నిలబడిపోయాను. "మెడ పట్టుకుంటది, కూసోని చూడు" అంది. ఆమె నాతో అన్న మొదటి మాట అదే అని గుర్తు.

అట్టలన్నీ నానిపోయాయి, డిస్కుల మీది కాగితాలూ ఊడిపోయాయి. ఏది ఏ సినిమానో ఎవరికీ తెలియదు. ఖాలా ఒక్కొక్కటీ ముందు తానొక్కతే చూసి, నల్ల మార్కరుతో దానికో పేరు పెట్టేది. ఆమె చదివింది ఐదో తరగతి. "కుక్క దొరికింది." "ఇద్దరు దొంగలు, మంచోల్లే." "వాన బాగుంటది." నాలుగు డిస్కుల మీద మాత్రం "వద్దు" అని ఉండేది. అవి బీరువా పైన ఉండేవి. మా వరుస పిల్లలం అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించింది ఆ నాలుగింటి గురించే.

ఇది ఫ్యామిలీ పిక్చరేనా అండీ అని ఎదురింటి పిన్ని ప్రతిసారీ అడిగేది. పిన్ని వాళ్ళది సత్తుపల్లి దగ్గర ఊరు, కోస్తా నుంచి వచ్చి భూములు చేసుకున్న కుటుంబం. ఆమె మాట తీరూ వేరు, అనుమానాలూ వేరు. ఖాలా జవాబు ఎప్పుడూ ఒకటే. "ముద్దు లేకుంటే ఫ్యామిలీ పిక్చర్ అయిపోదమ్మా. పక్కన అత్త కూసున్నా మనం లేసి పోయే పని పడకుంటే, గది ఫ్యామిలీ పిక్చర్." అయినా తన జాగ్రత్త తాను తీసుకునేది. ముద్దు ఎక్కడ వస్తుందో ఆమెకు ముందే తెలుసు. సరిగ్గా అప్పుడు బిస్కెట్ల ప్లేటు పట్టుకుని లేచి టీవీకి అడ్డంగా నిలబడేది. ఖాలా వెడల్పయిన మనిషి. ప్లేటు గదంతా తిరిగొచ్చేసరికి తెర మీద వాళ్ళు విడిపోయి మామూలుగా మాట్లాడుకుంటూ ఉండేవారు.

ఇక సౌండు సంగతి. మధ్యాహ్నం పనులయ్యాక అమ్మ, పిన్ని, ఇంకో ఇద్దరు ముగ్గురు, మేం పిల్లలం ఆ ముందు గదిలో చేరేవాళ్ళం. లోపలి గదికి పచ్చ పరదా. పరదా వెనక ఖాలూ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉండేవాడు. అందుకని ఖాలా డిస్కు పెట్టగానే రిమోటు పట్టుకుని సౌండు తగ్గించుకుంటూ పోయేది. తెర కింద ఆకుపచ్చ గీతలు ఒక్కొక్కటే చెరిగిపోయి చివరకు సున్నా నిలబడేది. అప్పుడు తన ఎత్తుపీట మీద కూర్చుని, మెల్లిగా, గుసగుసకు ఒక మెట్టు పైన, కథ చెప్పేది. ఎవరేమన్నారో, ఎందుకన్నారో అన్నీ ఆమే. రిమోటు ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు. మధ్యలో మాట్లాడితే ఊరుకునేది కాదు. తప్పు చెప్పానని ఒప్పుకున్నది నేనెప్పుడూ చూడలేదు. ఖాలూ పగటి షిఫ్టులో ఉండి ఇల్లు ఖాళీగా ఉన్న వారాల్లో కూడా సౌండు సున్నా మీదే ఉండేది. అలవాటేమో అనుకున్నాం. ఆయన లేచి ఉన్నప్పుడు మాత్రం ఆమె ఆయనతో మాట్లాడే గొంతు వరుస ఆ చివరిదాకా వినిపించేది. పాపం, అస్తమానం పోట్లాటే అని పిన్ని జాలిపడేది.

సినిమాల్లో చాలావరకు ఇంగ్లీషువి. ఖాలాకు ఇంగ్లీషు రాదు. "మూతి చూస్తే మాట తెలుస్తది" అనేది.

వాటిల్లో మా అందరికీ ప్రాణమైన డిస్కు ఒకటుంది. దాని మీద "గడియారం రాణి" అని రాసింది. మంచు పడే చిన్న రాజ్యం, గడ్డం ఉన్న రాజు, చక్కటి రాణి. రాణి పెళ్ళికి ముందు గడియారాలు బాగుచేసే పిల్ల అని, అందుకే ఆమె పనిముట్లను కోటలో అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారని ఖాలా మొదట్లోనే చెప్పేసేది. పొడుగు ముక్కాయన ఒకడు కాగితం పట్టుకుని రాణి వెనకే తిరుగుతూ, ఏ గంటకు ఏం చేయాలో చెప్తుంటాడు. "ఇప్పుడు నవ్వాలె అంటున్నడు. ఇప్పుడు కూసోవాలె అంటున్నడు. అరె, తుమ్మాలన్నా వీన్నే అడగాలె." ఊరి గోపురం గడియారం ఆగిపోతే రాణి కిటికీలోంచి దిగి, అంత గౌనుతో ఆ గోపురం ఎక్కి, ముల్లుకు గౌను తగులుకుని వేలాడుతుంది. రాజు పరుగెత్తుకొచ్చి నిచ్చెన పట్టుకుంటాడు. ఆ చోట అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది, ఖాలూ లేస్తాడని.

చివర్లో రాణి బండెక్కి కోట దాటిపోతుంది. మెట్ల మీద నిలబడి రాజు చెయ్యూపుతాడు. ఖాలా గొంతు అక్కడ ఇంకా తగ్గేది. "నేను పోతున్న అంటున్నది. మంచోడివే, నిన్నేమన్న. కాని నా పనిముట్లు అద్దాల పెట్టెల వెట్టినవ్. నేను మా ఇంటికి పోతున్న." డిస్కు ఆగిపోయి తెర నీలంగా మారేది. ఎవరూ లేచేవారు కాదు.

అది చూడటానికే గురువారం గురువారం ఒకామె గడప దగ్గర కూర్చునేది. ఆకులక్క అనేవాళ్ళం. భద్రాచలం అవతల అడవిలో వాళ్ళ ఊరు. అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి తెచ్చి క్వార్టర్లలో అమ్మేది, మూడింటి బస్సు దాకా మా దగ్గర కూర్చుని మిగిలిన ఆకులు కుట్టుకునేది. ఆమెకు అప్పట్లో తెలుగు అంతంతే. ఖాలా తన చిన్నప్పుడు సంతల్లో నేర్చుకున్న వాళ్ళ భాష ముక్కలు రెండు మూడు కథలో కలిపేది. ఆ ముక్క వచ్చినప్పుడు ఆకులక్క చేతిలో పుల్ల ఆగేది. సినిమా చూసేవాళ్ళలో అక్కడ ఎవరికీ ఇంకొకరికన్నా ఎక్కువ అర్థమయ్యేది కాదు. ఇది నాకు ఇప్పుడు తోస్తున్నది, అప్పుడు కాదు. ఆకులక్క ప్రతిసారీ ఖాలాను ఒకటే అడిగేది: ఇంటికి పోయినంక ఆమె ఏం జేసింది? ఖాలా కూడా ప్రతిసారీ ఒకటే చెప్పేది: "ఇంకో డిస్కు ఉంటది. గోదారి ఇయ్యాలె."

గోదారి ఇచ్చింది. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న రోజులవి. సెలవులకు వచ్చాను. భద్రాచలంలో తమ్ముడు ఇల్లు మారుతుంటే మంచం కింద ఇంకో పెట్టె దొరికిందట, అందులో అదే రాణి. ఖాలా దాన్ని కడిగి, ఆరబెట్టి, చూసి, "గడియారం రాణి, ఇంకోటి" అని రాసి పెట్టుకుంది. గురువారం దాకా ఎవరికీ చూపించలేదు. ఆకులక్క వచ్చాకే పెట్టింది. ఖాలూది ఆ వారం పగటి షిఫ్టు. ఆరోజు గదిలో చోటు లేదు.

చిన్న గడియారాల దుకాణం. కంటికి అద్దం బిగించుకుని రాణి బల్ల మీద వంగి పని చేస్తోంది. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. "వచ్చేసింది పుట్టింటికి" అంది ఖాలా. "చూడుండ్రి, పుట్టింటి తిండి తిని ఎట్ల నిగనిగలాడుతున్నదో." నిజంగానే ఆమె ముందుకన్నా చిన్నగా, మెరుస్తూ ఉంది. తలుపు తీసుకుని రాజు వచ్చాడు. గడ్డం లేదు. "గుర్తుపట్టొద్దని గడ్డం తీసి వచ్చిండు. ఈమె పట్టింది. పట్టనట్టున్నది." ఇద్దరూ కొత్తవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. అలిగిన మొగుడు పెళ్ళాలు అలాగే మాట్లాడుకుంటారని ఆ గదిలో ఒకరు చెప్పక్కర్లేదు. రాజు చేతిలో ఆగిపోయిన జేబు గడియారం. ఆమె బాగుచేసి ఇస్తుంది, అతను దాన్ని మళ్ళీ పాడుచేసి తెస్తాడు. ఒకసారి సూపులో వేస్తాడు. ఒకసారి గుర్రం చేత తొక్కిస్తాడు. "ఇంటికి రా అని అడగనీకి నోరు రాక గడియారం పలగ్గొడుతున్నడు" అంది ఖాలా, అమ్మ కళ్ళు తుడుచుకుంది.

నాకు పదహారేళ్ళు. ఆ ఏడాదే ఇంగ్లీషు మీడియంలో పడి, మొదటి ఆర్నెల్లు ఏడ్చి, అప్పుడప్పుడే మాటలు చెవికి పట్టుబడుతున్నాయి. తెర మీద పెదాలు నాకు ఏదో వేరేగా చెప్తున్నాయనిపించింది. ఖాలా బిస్కెట్లకని లోపలికి వెళ్ళింది. రిమోటు పీట మీద ఉంది. తీసి నొక్కాను. పచ్చగీతలు వరుసగా లేచాయి. ఆ ఇంట్లో టీవీ మొదటిసారి గట్టిగా మాట్లాడింది. ఇన్నిసార్లు వచ్చాక, తెర మీద అతను అప్పుడు తన పేరు చెప్తున్నాడు. ఆమె తన పేరు చెప్తోంది.

ఖాలా ప్లేటుతో గుమ్మంలో ఆగిపోయింది. నేను ఆగలేదు. "ఇది మొదటి భాగం ఖాలా. ఇన్నేళ్ళు మనం రెండోది ముందు చూసినం. వాళ్ళకింకా పెళ్ళే కాలే. అసలు పరిచయమే లేదు."

పిన్ని ముందు నవ్వింది. "అయితే ఇన్నాళ్ళూ మాకు పెళ్ళయ్యాక పరిచయం చేయించారా అండీ" అంది. అందరూ నవ్వారు. ఖాలా కూడా నవ్వింది. ప్లేటు కింద పెట్టి, రిమోటు నా చేతిలోనే ఉంచి, "గట్లనా. అయితే నువ్వే చెప్పు బేటీ. నీకు ఇంగ్లీషొస్తది" అంది. వెటకారం లేదు. పీట నావైపు జరిపింది.

నేను చెప్పలేకపోయాను. నాలుగు మాటల్లో ఒకటి అందేది, అది తెలుగులో పెట్టేలోపు ఇంకో పది వెళ్ళిపోయేవి. "ఏదో అంటున్నాడు" అన్నాను. "గడియారం గురించి" అన్నాను. వాళ్ళ గొంతులు గదినిండా మోగుతున్నాయి, మా వాళ్ళు నా మొహం చూస్తున్నారు. ఒకరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఒకరికి కుళాయి. ఆకులక్క ఆకులు మూట కట్టుకుని బస్సుకని లేచింది. వెళ్తూ ఖాలా వైపు చూసింది. ఖాలా వంటింట్లో ఉంది. సినిమా సగంలో ఆపేశాను. రాణి చివరకు ఏం చేసిందో ఆ గదిలో ఎవరూ వినలేదు.

ఆ తర్వాత ఖాలా కథ చెప్పలేదు. డిస్కులు అడిగినవాళ్ళకి ఇచ్చేది, తన ఇంట్లో మాత్రం పెట్టేది కాదు. అప్పటికే అందరి చేతుల్లోకి ఫోన్లు వస్తున్నాయి కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం తెలుసు. కోపం చూపించి ఉంటే బాగుండేది. ఆమె ఎప్పటిలాగే ఉంది. పండక్కి సేమ్యా గిన్నె ముందు మా ఇంటికే వచ్చేది. డిగ్రీలో చేరినప్పుడు పెన్ను ఇచ్చింది. హైదరాబాద్‌లో మూడో ఉద్యోగం కూడా వదిలేసి వచ్చినప్పుడు ఇంట్లో, బయట తలా ఒక మాట అన్నారు. ఖాలా టిఫిన్ పెట్టి, నేను తినేదాకా చూసి, "నచ్చలే, లేసినవ్. లేసినోల్లు యాడనో ఓ కాడ కూసుంటరు తీయ్" అంది. ఆమె ముందు కూర్చున్న ప్రతిసారీ అడగాలనుకునేదాన్ని: ఖాలా, ఆ రెండో డిస్కు నువ్వు చెప్పు, సౌండు తీసేసి చెప్పు, చివరిదాకా. ఎవరో ఒకరు ఉండేవారు. ఎవరూ లేనప్పుడు నాకు నోరు వచ్చేది కాదు. వచ్చేసారి అడుగుదాం అనుకునేదాన్ని. ఖాలూ రిటైరై, వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి బస్టాండు వెనక కిరాయి ఇంటికి మారాక కూడా అలాగే అనుకున్నాను.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఖాలూ నన్ను పిలిచి, ఖాలా డిస్కుల పెట్టె చేతిలో పెట్టాడు. "నీకే ఇయ్యమన్నది. ఎప్పుడో చెప్పి పెట్టింది" అన్నాడు. పెట్టెలో అడుగున "వద్దు" నాలుగూ ఉన్నాయి. పైన, అన్నిటికన్నా పైన, పాత జేబురుమాలులో చుట్టి, రాణి రెండు డిస్కులు ఉన్నాయి.

ఖమ్మంలో నా గదికి తెచ్చుకున్నాను. నా ల్యాప్‌టాప్‌కు డిస్కు మింగే నోరు లేదు. కాలేజీ ల్యాబులో మూలనపడ్డ డ్రైవు ఒకటి అడిగి తెచ్చి, ఒక ఆదివారం పొద్దున కూర్చుని, రెండూ చూశాను. సరైన వరుసలో, సౌండుతో, ప్రతి మాటా అర్థమవుతూ. బాగున్నాయి. నిజంగానే బాగున్నాయి, ఎవరి పక్కనైనా కూర్చుని చూడొచ్చు. ముక్కాయన జోకులు నేననుకున్నదానికన్నా పదునుగా ఉన్నాయి. రాజుగా వేసినతను మంచి నటుడు. ఖాలా చెప్పిన చాలా మాటలు అసలు మాటలకు దగ్గరగానే ఉన్నాయి. కొన్ని చోట్ల అసలు మాటే పలచన. నిచ్చెన పట్టుకున్నప్పుడు రాజు ఏదో వాతావరణం గురించి అంటాడు. ఖాలా రాజు "కింద నేనున్న, పని కానియ్యి" అనేవాడు.

కాని సరైన వరుసలో ఆ కథ ఇలా నడుస్తుంది: ఒక పిల్లకు చేతిలో పని ఉంది. రాకుమారుడు ఇష్టపడతాడు. పెళ్ళవుతుంది. పనిముట్లు అద్దాల పెట్టెలోకి వెళ్తాయి. ఆమె కొంత గొడవ చేస్తుంది, అందరూ నవ్వుతారు, చివరకు ఆ పెట్టె కింద ఆమె పేరు చెక్కిన పలక పెడితే ఆమే చప్పట్లు కొడుతుంది. బండెక్కి వెళ్ళేది ఇంటికి కాదు, రాజ్యమంతా తిరిగి జనానికి చెయ్యూపడానికి. రాజు మర్నాడు వచ్చి కలుస్తానంటాడు. అంతే. ఆ సాయంత్రం నేను డిస్కులు తీసి, మళ్ళీ రుమాల్లో చుడుతూ, ఏది పైన పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. ఆమెకు నిజంగా వరుస తెలియకనే అలా రాసిందా, లేక రెండోది దొరికాక ఒక్కతే చూసినప్పుడు తెలిసీ అలాగే ఉంచిందా? ఇదీ అడగాల్సిన మాటే. ఇదీ మిగిలిపోయింది.

ఆ తర్వాతి గురువారం అమ్మ ఫోను చేసింది. ఆకులక్క వచ్చిందట. కొన్నేళ్ళుగా ఆమె పాల్వంచ రావడం మానేసింది, కొడుకులు భద్రాచలంలోనే విస్తళ్ళు అమ్ముతున్నారు. ఖాలా సంగతి ఎవరో సంతలో చెబితే, బస్సెక్కి వచ్చింది. ఖాలూ దగ్గర కూర్చుని, ఏడ్చి, చివరకు మా అమ్మను అడిగిందట, ఆ రాణి ఏం జేసింది అని. "నాకేం తెల్సు. నీకే తెల్వాలె" అంది అమ్మ నాతో. ఆ మాటలో పాత బాకీలాంటిదేదో ఉంది, అమ్మ ఉద్దేశం అది కాకపోయినా. మళ్ళీ గురువారం రమ్మని ఆమెకు చెప్పమన్నాను.

కిరాయి ఇంటి ముందు గది చిన్నది. టీవీ మీది తెల్ల బట్ట తీసేశారు. అమ్మ, పిన్ని, గడప దగ్గర ఆకులక్క. జుట్టు నెరిసింది, తెలుగు నాకన్నా ధాటిగా మాట్లాడుతోంది, ఒడిలో ఆకులు మాత్రం అవే. ఖాలూ లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. అదే పచ్చ పరదా. పీట గోడవారగా ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. ప్లేయరు పళ్ళెం బయటికి వచ్చింది.

"ఏది పెడుతున్నావ్? మొదటిదా, రెండోదా?" అంది పిన్ని.

"ఖాలా రెండోది" అన్నాను.

రిమోటు తీసి తగ్గించుకుంటూ పోయాను. పచ్చగీతలు చెరిగిపోయి సున్నా నిలబడింది. సరిగ్గా అప్పుడు ఖాలూ పరదా తీసి చూశాడు. తెర కింద సున్నా చూసి నొసలు ముడిచాడు.

"సున్నా ఎందుకు? పెట్టుకోండ్రి సౌండు."

అమ్మ చెయ్యి చెంప కింద పెట్టుకుని చూపించింది, మీరు పడుకుంటారని.

"నాకేం వినొస్తది? టర్బైన్ కాడ చెవులు పోయి పాతికేండ్లాయె. మీ ఖాలా గొంతు చించుకుంటే గింత వినొచ్చేది."

పిన్ని నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆ ఇంటి పోట్లాటలన్నీ ఆమెకు ఒక్కసారి గుర్తొచ్చి ఉంటాయి. నేను లేచి ఆయన దగ్గరికి వెళ్ళి, చెవి పక్కన నోరు పెట్టి అరిచాను: మరి ఖాలా సౌండు ఎందుకు తీసేసేది?

ఆయన నావైపు చూశాడు, ఇంత చదువుకున్నావ్ ఇదికూడా తెల్వదా అన్నట్టు.

"సౌండు పెడితే ఆమె మాట ఎవలింటరు?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి నవ్వు ఆపుకోవడానికో, ఇంకెందుకో తెలియలేదు. ఖాలూ లేవకూడదని కొంగు కుక్కుకున్న ఆ మధ్యాహ్నాలన్నీ అక్కడ ఆ గదిలోకి వచ్చి కూర్చున్నాయి. నేను వెనక్కొచ్చి, కింద కాకుండా, పీట మీద కూర్చున్నాను.

కథ మొదలుపెట్టాను. నాకు తెలిసిన అసలు మాటలు నాలుక మీదికి వస్తూనే ఉన్నాయి. కాలేజీలో నా పనే అది, ఇంగ్లీషు మాటను తెలుగులో విప్పి చెప్పడం. పక్కన పెట్టాను. "వచ్చేసింది పుట్టింటికి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పుట్టింటి తిండి" అనగానే పిన్ని "నిగనిగలాడుతోంది" అని అందుకుంది. రాజు గడ్డం తీసుకుని వచ్చాడు. గడియారం సూపులో పడింది. గుర్రం తొక్కింది. ఒకచోట నేను తడబడితే అమ్మ సర్దింది. ఇంకోచోట నేను అసలు సంగతే చెప్పబోతే ఆకులక్క తల ఎత్తకుండానే, "ఆమె గట్ల అనదు" అంది. నిజమే, ఖాలా రాణి అలా అనదు. మార్చి చెప్పాను.

నేను తొమ్మిదేళ్ళ కింద ఆపేసిన చోటు సినిమా దాటింది. ఇక మా ఎవరికీ ఖాలా మాట లేదు.

చివరి సీను. తెల్లవారింది. రాజు దుకాణం అద్దాల తలుపు బయట నిలబడ్డాడు. లోపల ఆమె అతని జేబు గడియారం విప్పింది. మూత లోపల మడిచిన చీటీ ఉంది. చదివింది. పక్కన పెట్టింది. కంటికి అద్దం బిగించుకుని మళ్ళీ పని మీద వంగింది. గోడ నిండా గడియారాలు, లోలకాలన్నీ చప్పుడు లేకుండా ఊగుతున్నాయి. అతను కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు. ఆమె తల ఎత్తింది. పెదాలు కదిలాయి, చిన్న మాట.

"ఏమంటున్నది?" అంది అమ్మ.

నాకు తెలుసు. సౌండుతో చూస్తే ఆమె పెళ్ళికి సరే అంటుంది. నోరు తెరిచాను. ఆకులక్క చేతిలో పుల్ల ఆగింది.

"కూసో అంటున్నది" అంది ఆకులక్క. "పని నడుస్తున్నది. ఒడిసేదాక కూసో, అప్పుడు మాట్లాడుదాం అంటున్నది."

తెర మీద అతను తలుపు తీసుకుని లోపలికి వచ్చి, బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె పని చేస్తూనే ఉంది. తెర నీలంగా మారింది.

ఎవరూ లేవలేదు. పిన్ని ఏదో అంది, అమ్మ దానికి అడ్డం వచ్చింది, ఆకులక్క తన భాషలో ఒక ముక్క అని తనే నవ్వుకుంది, ముగ్గురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను పీట మీంచి వెనక్కి తిరిగి చూశాను. ఖాలూ పరదా ఒక చేత్తో పక్కకు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టీవీ వైపు చూడటం లేదు. మా మూతులు చూస్తున్నాడు, ఒకరి తర్వాత ఒకరివి, ఓపిగ్గా, ఏదీ వదలకుండా.